అంజినమ్మ ముఖం

"నా బొమ్మ యాడ పెట్టినావు?" అని నా కోడలు అంజినమ్మ నా కొడుకును నిలదీసింది.

వాడు పెనుకొండలో ఇంకొకామెతో కాపురం పెట్టాడని తెలిసిన రోజు, అంజినమ్మ మేకతోలు మీద తన ముఖమే గీసుకుంది. నెత్తురంత ఎరుపు, పచ్చటి పెదాలు. మా తోలుబొమ్మలకు కన్ను చివరన పెడతాం, అప్పుడే ప్రాణం వస్తుందంటారు. దానికి ఆమె కన్ను పెట్టనే లేదు.

"బెంగుళూరోళ్లకు అమ్మేసినా. రాక్షసి బొమ్మంటే ఎగబడినారు."

"కన్ను లేకుండానేనా?" అంది అంజినమ్మ.

"నేనే పెట్టినాలే, రాక్షసి గుడ్లు."

"పెండ్లాం ముఖం గుర్తుపట్టలేదా అబ్బా?" అన్నాను.

"పట్టినా కాబట్టే రాక్షసన్నా" అని నవ్వాడు.

అంజినమ్మ కొత్త తోలు పరిచి, ఆనవాయితీ తప్పి, ముందు తన కళ్లే గీసుకుంది.

నేను రంగుగిన్నె ఆమె దగ్గరికి జరిపాను.