తెల్ల చీటీలు

“ఈ ఇంట్లో ఇంకెవరో ఉన్నారండీ,” అంది ఎడిటర్.

టీ కప్పు రచయిత నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“అదే, మీ నవల్లోని ఇంట్లో.” ఆమె సంచీలోంచి చిత్తుప్రతి తీసి బల్లమీద పెట్టింది. ప్రతి పేజీ అంచునా రంగురంగుల చీటీలు. కట్ట మొత్తం పెళ్లికి ముస్తాబైనట్టుంది.

అది ఆమె పద్ధతి. పాత్రకో రంగు. కథానాయకుడైన గడియారాల మెకానిక్‌కి నీలం, అతని అక్కకి పసుపు, పోస్ట్‌మన్‌కి ఆకుపచ్చ. ఎవరు ఏ పేజీలో ఏం చేసినా అక్కడ వాళ్ల చీటీ అతికించాల్సిందే. ఎవరి పనో తేలకపోతే తెల్ల చీటీ. దిద్దడం పూర్తయ్యేసరికి తెల్ల చీటీ ఒక్కటీ మిగలకూడదు.

ఇంత చాదస్తానికి కారణం ఉంది. ఆమె దిద్దిన కిందటి నవల్లో రెండో అధ్యాయంలో చచ్చిపోయిన కుక్క చివరి అధ్యాయంలో మొరిగింది. ఈమె కళ్లుగప్పి అచ్చయిపోయింది కూడా. పాఠకులు పడీ పడీ నవ్వారు. పబ్లిషర్ మాత్రం నవ్వలేదు. ఇంకొక్క పొరపాటు జరిగితే వేరే ఉద్యోగం చూసుకోమన్నాడు. ఆమె ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

“మీ మెకానిక్ ఒంటరివాడు కదా. మరి భోజనమయ్యాక రెండు కంచాలు కడుగుతాడేంటి? దండెం మీద ఆ రెండో తువ్వాలు ఎవరిది? అతను షాపుకి వెళ్లిపోయాక ఖాళీ గదిలోంచి తలుపు తట్టిందెవరు?”

రచయిత కప్పు కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

“ఇది ఇంకెవరైనా చదివారా?”

“లేదండీ. నేనే మొదటిదాన్ని.”

“ఆఫీసులో ఎవరికైనా చెప్పారా?”

“ముందు మిమ్మల్ని అడుగుదామని నేరుగా ఇటే వచ్చాను.”

అతను లేచి వెళ్లి వీధి తలుపు మూసి వచ్చాడు. దుమ్ము వస్తోందన్నాడు. బయట ఆకు కదలడం లేదు. ఆమె సంచీని దగ్గరికి లాక్కుంది. వెళ్లిపోదామా అనుకుంది. కానీ కుక్క మొరుగుడు గుర్తొచ్చి గుండె దిటవు చేసుకుంది.

“మొదట రాసినప్పుడు మెకానిక్‌కి భార్య ఉండేదా?”

రచయిత వెనక గది వైపు ఓసారి చూశాడు.

“ఉండేది,” అన్నాడు. “తీసేశాను.”

“చూశారా! అదే అనుకున్నాను.” ఆమె మొహం విప్పారింది. “మనిషిని తీసేస్తే సరిపోదండీ. ఆనవాళ్లు కూడా తీసెయ్యాలి.”

“నా కంటికి ఆనలేదు. ఎక్కడెక్కడున్నాయో మీరే చూపించి పుణ్యం కట్టుకోండి.”

ఇద్దరూ కూర్చున్నారు. తెల్ల చీటీ ఉన్న చోటల్లా ఆమె ఎర్ర సిరాతో కొట్టేసింది. కంచం పోయింది. తువ్వాలు పోయింది. తలుపు తట్టిన చప్పుడు పోయింది. ఒకచోట ‘కిటికీకి బయటినుంచి మేకులు కొట్టారు’ అని ఉంటే, ఇదెక్కడి వాక్యమండీ బాబూ అని నవ్వుతూ అదీ కొట్టేసింది. వేరే రచయితలైతే కామా తీసినా కొట్లాటకొస్తారు. ఈయన తలూపుతూనే ఉన్నాడు. ఇంత బంగారంలాంటి మనిషిని చూసి అనవసరంగా భయపడ్డానని ఆమె తనను తాను తిట్టుకుంది.

సాయంత్రానికి తెల్ల చీటీ ఒక్కటీ మిగల్లేదు. ఆమె ప్రాణం కుదుటపడింది.

“శుభ్రంగా రాసిన ప్రతి వచ్చే వారానికి ఇచ్చేస్తారా?”

“మీ చలవ వల్ల అంతకంటే ముందే అయిపోతుంది,” అన్నాడు రచయిత. గేటుదాకా వచ్చి మరీ సాగనంపాడు.

ఆమె వీధి మలుపు తిరిగాక అతను వెనక గది గడియ తీసి, లోపల బల్ల దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్న భార్య ముందు ఆ కట్ట పడేసి, “నీ నవల బాగుందిట, నువ్వు మధ్యమధ్యలో దాచిపెట్టిన కేకలన్నీ ఆ మహాతల్లే ఏరి పారేసింది, ఇక మొదట్నించీ తిరగరాయి,” అన్నాడు.