పురుటి గదిలో ట్యూబు లైటు

“మాణిక్, పాప నీలం తిరిగిందిరా!”

తల్లి శరణమ్మ కేకకు మాణిక్ స్టూలు మీంచి పడబోయాడు. పురుటి గదిలో ట్యూబు లైటు బిగించి స్విచ్చి నొక్కి అర నిమిషం కాలేదు. అప్పట్లో జహీరాబాద్‌లో ట్యూబు లైటున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేపు అక్క భాగీరథి కూతురికి తొట్టెల పండుగ. చుట్టాలొచ్చే వేళకు కిటికీ లేని ఆ గదిలో పసుపు బల్బేంటని మోజుపడి తెచ్చాడు. మంచికి పోతే చెడు ఎదురైంది.

భాగీరథి ఒళ్లోని పాపను చూసుకుంది. ఇరవై రోజులుగా బంగారు బొమ్మలా ఉన్న బిడ్డకు పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్లూ అంతే.

“అమ్మా, నా పాప బతుకుతదా?”

“ఏం గాదు బిడ్డా,” అంది శరణమ్మ.

గాలి తగలకుండా పాపను ముఖంతో సహా కొంగులో చుట్టింది. రిక్షాలో దవాఖానకు పోతున్నంతసేపూ ముగ్గురి కళ్లూ ఆ మూట మీదే. కొంగు తొలగించి చూసే ధైర్యం ఒక్కరికీ లేదు.

డాక్టర్ మనోరమ పాపను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బట్ట విప్పింది. పాప కెవ్వుమంది. పెదవులు ఎర్రగా, నిక్షేపంగా ఉన్నాయి.

“పాపకేం లేదు. ఏ లైటు కింద చూసిన్రు?”

“కొత్త ట్యూబు లైటు, డాక్టరమ్మా,” మాణిక్ నసిగాడు.

“అదే మరి. ఆ వెలుగు ఎరుపును చంపుతది. మామూలు బల్బేమో అన్నిటినీ పసుపు చేస్తది. మనిషి రంగు చూడాలంటే పగటి వెలుగులనే చూడాలె.”

శరణమ్మ ఏడుస్తూనే నవ్వి, కొడుకు వీపు మీద ఒకటి వేసింది. భాగీరథి పాపను అందుకోవడానికి కిటికీ దగ్గరికి వచ్చి చేతులు చాచింది.

డాక్టరమ్మ పాపను మాణిక్ చేతికిచ్చి, భాగీరథి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుగుకేసి తిప్పింది.

“ఈమె ఎన్ని రోజుల సంది గిట్ల పచ్చగుంది?”

“అది బాలింత స్నానం పసుపు, డాక్టరమ్మా. రోజూ నేనే రుద్ది పోస్తున్న,” అంది శరణమ్మ.

మనోరమ భాగీరథి కనురెప్ప పైకెత్తింది.

“పసుపు ఒంటికి రుద్దుతరు గాని, కండ్లల్ల రుద్దరు కదమ్మా.”