గట్టు మీది తాబేలు

ఆ పచ్చికబయలు మీద పొగమంచు ఎప్పుడూ పూర్తిగా విడిపోయేది కాదు. అందులోనే కుందేళ్ళ జట్టూ, బాతుల జట్టూ ఎండిన సొరబుర్రతో బంతాట ఆడేవి. తన్నిన బుర్ర మంచులో కలిసిపోయి, ఎంతసేపటికో కలలోలాగా కిందికి దిగేది.

పోటీలు సగమయ్యాక ఒక్కరోజు మాత్రం ఆటగాళ్ళను మార్చుకోవచ్చని అక్కడి కట్టుబాటు. అప్పటికి కుందేళ్ళు నాలుగు ఆటలు ఓడిపోయాయి. గోలు కాయడానికి వాటికి ఒక పొడుగు కాళ్ళ కొంగ కావాలి. బాతుల దగ్గర రెండు కొంగలున్నాయి.

"బదులుగా ఎవర్నిమ్మంటారు?" అని కుందేళ్ళ నాయకుడు చెవులయ్య భయపడుతూనే అడిగాడు.

"గట్టు మీద కూర్చుంటాడే, మీ జట్టు తాబేలు తాత, ఆయన్నివ్వండి చాలు," అంది పెద్ద బాతు.

కుందేళ్ళు నవ్వాపుకున్నాయి. తాత ఏనాడూ బుర్రను తన్నింది లేదు. ఆటంతా చూస్తూ కూర్చునేవాడు, అంతే. ఇంత చౌక బేరం మళ్ళీ దొరుకుతుందా?

మర్నాడు బాతులతోనే ఆట. కొంగ బాగానే కాసింది. కానీ ఏ కుందేలు ఎటు గెంతినా, మంచులోంచి ఒక బాతు తేలుకుంటూ వచ్చి ముందే అక్కడ నిలబడేది. కుందేళ్ళు ఒక్క గోలూ కొట్టలేకపోయాయి. బాతులు ఒకటి కొట్టి గెలిచాయి.

చెవులయ్య తాబేలు దగ్గరికి వెళ్ళాడు. "మా గుట్టంతా వాళ్ళకి చెప్పేశావా తాతా?"

"వచ్చిన రోజే అడిగారు, చెప్పాను," అన్నాడు తాత. "మీకు చెబుదామనే అన్నాళ్ళూ ఆ గట్టు మీద కూర్చున్నాను నాయనా."