రెండో పురుగు

"మగది ఒక్కటి దొరికితే చాలు. ఒక్కటంటే ఒక్కటి!" అన్నాడు పురుగుల శాస్త్రజ్ఞుడు, బూట్లకంటిన అడవి బురద గీక్కుంటూ.

ఆయన దగ్గరున్నది ఆడది. గోరంత పురుగు. బూడిదరంగు రెక్కలు, రాగి చార, ఏనుగు తొండానికి వేలు విడిచిన చుట్టంలాంటి ముక్కు. పదకొండేళ్ళ కిందట అడవి నుంచి ఇంటికొచ్చి కోటు విప్పబోతే, కాలరు మీద కనిపించింది. అంతే! ఆ అడవిలో ఆయన ఎక్కని గుట్ట లేదు, ఆయన నెత్తురు తాగని జలగ లేదు.

"అది కొత్త జాతీ కాదు, నీ మొహమూ కాదు. పాత జాతిలోనే అవిటిది" అంటాడు మ్యూజియంలో పక్క గది పెద్దమనిషి. తేలాలంటే మగదాని పొట్ట కోసి మైక్రోస్కోపు కింద చూడాలి. ఈ ముక్కు పురుగుల వంశంలో ఎవరెవరో అక్కడే బయటపడుతుంది. శాస్త్రజ్ఞుడి రిటైర్మెంటుకు మూడు నెలలే ఉన్నాయి. ఈలోగా మగది దొరక్కపోతే, ఆడది పాత జాతి పెట్టెలోకి పోతుంది.

"మగదాన్ని ఎలా గుర్తుపడతారండీ?" అంది భార్య, వంటింటి గుమ్మంలోంచి.

"దీని చుట్టాలన్నిటికీ మగవాటి మీసాల మొదట్లో కుచ్చు ఉంటుంది. అయినా నీకెందుకే?"

"ఊరికే. దొరికితే ఎవరి పేరు పెడతారు?"

"సొంత పేరు పెట్టుకోకూడదు కదా! మా అసిస్టెంటమ్మది పెడతా. పాపం, నా వెంట అడవులు పట్టి తిరిగింది. నువ్వేం చేశావు, పిండి జల్లించడం తప్ప?"

ఆవిడ నవ్వేసింది. "అయితే ఆ కుచ్చుతో సహా ఓ బొమ్మ గీసివ్వండి" అని అడిగి, తీసుకెళ్ళి వంటింటి గోడకు అంటించుకుంది.

"ముసలితనంలో మా ఆవిడకు శాస్త్రం పట్టుకుంది!" అని ఆయన మ్యూజియమంతా చాటింపు వేశాడు.

మూడు నెలలూ అయిపోయాయి. ఆఖరి రోజున పక్క గది పెద్దమనిషి, ఈలవేసుకుంటూ, ఆడ పురుగును సూదితో సహా ఎత్తి పాత జాతి పెట్టెలో గుచ్చాడు. శాస్త్రజ్ఞుడు ఇంటికొచ్చి, భార్య భుజం మీద తలపెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఊరుకోండి. ప్రాప్తం లేదనుకోండి" అంటూ ఆయన వీపు నిమిరింది. "పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, ఇప్పుడే వస్తా."

వంటింట్లోకి వెళ్ళి పిండి డబ్బా మూత తీసి, మీసాల మొదట్లో కుచ్చులున్న తొమ్మిది పురుగులనూ గోడ మీది బొమ్మతో ఓసారి సరిచూసుకుని, వారం వారం చేస్తున్నట్టే మరిగే నీళ్ళలోకి దులిపింది.