డిక్కీలో పిల్ల

చెల్లీ,

నీ మోకాళ్లెలా ఉన్నాయి? మరిదిగారి గుండె నెమ్మదించిందా? మనవరాలి దగ్గు తగ్గిందా? నాకు బెంగతో నిద్ర లేదు.

కార్లలోనే కూర్చుని చూసే మన సినిమా తెర నిరుడు గాలివానకు పడిపోయింది. కార్లు బారులు తీరి, కిటికీలకు స్పీకర్లు తగిలించుకుని నిలబడిన చోట ఇప్పుడు మొక్కజొన్న వేశారు. చెప్పినా మీ బావ లెస్టర్ తలకెక్కదు.

పొద్దు వాలితే పెరట్లో కారెక్కి, కొట్టం తెల్లగోడే తెర అనుకుని చూస్తూ కూర్చుంటాడు. చీకటి పడగానే దిగి డిక్కీ తెరుస్తాడు, ఆ రోజుల్లో టికెట్టు లేకుండా గేటు దాటించడానికి అందులో దాచిన పిల్ల కోసం. ఖాళీగా కనబడితే ఏడుపు.

"వెల్డాకి ఊపిరాడలేదు. నేనే చంపుకున్నాను."

నిన్న చెయ్యి పట్టుకుని, "నేనేనయ్యా వెల్డాని, నీ పెళ్లాన్ని" అన్నాను.

"ఎగతాళా ముసలమ్మా? దానికి పద్దెనిమిదేళ్లు. పక్కకి జరుగు, వెతకాలి" అన్నాడు.

ఇది తగ్గే జబ్బు కాదన్నాడు డాక్టరు. సోమవారం వృద్ధాశ్రమంలో చేర్చాలి. అక్కడ కారుండదు. ఆ పిల్ల డిక్కీలోనే ఉండిపోయిందని రోజూ ఏడుస్తాడేమోనని నా భయం.

అందుకని ఒక్కసారి నేనే డిక్కీలో పడుకుంటాను. నా నడుము సంగతి తర్వాత. పైన మూత వెయ్యడానికి నువ్వు కావాలి. తెరిస్తే కనబడేది ఈ ముసలిదే, తెలుసు. అయినా ఖాళీగా ఉండదు కదా.

శనివారం, జూన్ పద్నాలుగున, పొద్దుండగానే రా.