చేతిలో గమకం

“ఫోన్లో సంగీతమేమిటే, నా మొహం!” అని మొదట్లో విసుక్కున్న నాన్న ఇప్పుడు దాన్ని కింద పెట్టడం లేదు.

చేతికి వణుకు పట్టుకున్నాక నాన్న వయొలిన్ మూలపడింది. మందులతో సగం తగ్గినా, తీగల మీద కమాను మాత్రం నిలవలేదు. మనిషి మాటలే మానేశాడు. చూడలేక నేనే ఫోన్లో ఓ వాద్యం తయారుచేసి ఇచ్చాను. తెర మీద వేలు పెడితే స్వరం పలుకుతుంది. ఫోన్ కదిలితే స్వరం ఊగుతుంది. మిగిలిన ఆ కాస్త వణుకే గమకమై కూర్చుంది.

ఈమధ్య గమకాలు మరీ జోరుగా పలుకుతున్నాయి. “అదరగొట్టేస్తున్నావు నాన్నా!” అంటే చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. గ్లాసు మాత్రం పట్టుకోలేకపోతున్నాడు. నీళ్లు నేనే తాగిస్తున్నాను. జబ్బు ముదురుతోంది కాబోలని లోలోపల కుమిలిపోతున్నాను.

ఇవాళ ఫోన్ ఛార్జరు భద్రంగా పెడదామని, మూలపడున్న వయొలిన్ పెట్టె తెరిచాను. వయొలిన్ కింద గుప్పెడు మాత్రలు. రోజూ నా చేత్తో నేనిచ్చినవే.

“ఇవేంటి నాన్నా? మింగుతున్నావనుకున్నానే!”

నాన్న తెర మీంచి వేలు తీయలేదు.

“అవి వేసుకుంటే చెయ్యి సరిగ్గా వణకడం లేదమ్మా.”