అమ్మ మోకాళ్ళు

"ఎస్‌యూవీయే తీసుకుందాం. అమ్మకి మోకాళ్ళు వంగవు. సీటు ఎత్తుగా ఉంటే హాయిగా కూర్చుంటుంది," అన్నాడు కొడుకు, షోరూములో తళతళలాడుతున్న ఎలక్ట్రిక్ బండి తలుపు తీస్తూ.

"అంత ఎత్తు ఎక్కేదెలా? అత్తయ్య కోసమైతే సెడానే నయం," అంది కోడలు.

అమ్మ మీద ఇంత ప్రేమ ఇంట్లో ఎప్పుడూ కనబడలేదు.

"కూర్చుని చూడండి అమ్మగారూ," అన్నాడు సేల్స్‌మాన్.

ఆవిడ ఎస్‌యూవీ ఎక్కలేకపోయింది. సెడాన్‌లో కూర్చుంది కానీ, లేపడానికి ముగ్గురూ పట్టాల్సి వచ్చింది.

"నే చెప్పలా!" అన్నారు మొగుడూ పెళ్ళాలు, ఒకేసారి.

సేల్స్‌మాన్ మధ్యలోకొచ్చాడు. "పోనీ, ఏదో ఒకదాంట్లో తిప్పి చూపిస్తాను. ఎక్కడికెళ్దామో మీరే చెప్పండమ్మా."

ఆవిడ ముఖం వెలిగింది. "మా అక్కగారింటికి పోనివ్వు నాయనా. మా ఇంటి వెనక వీధే."

"వెనక వీధికి కారెందుకమ్మా?" కొడుకు నవ్వాడు.

"నడవలేనుగా. కారు రాగానే తీసుకెళ్తానన్నావని ఆగాను," అంది ఆవిడ, చేతిసంచి సర్దుకుంటూ. "పాత కారు కొన్నప్పుడూ ఇదే మాటన్నావు."